కొత్తగూడలో అద్దె పెంచుతున్నారు, బీరంగూడకు మారిపోవాలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము హైదరాబాద్‌లో కొండాపూర్ పక్కన కొత్తగూడలో డబుల్ బెడ్‌రూం ఫ్లాటులో ఉంటున్నాం. అద్దె 25,000, మెయింటెనెన్స్ 3,000. జూన్ నుంచి అద్దె 28,000 ఇవ్వాలని ఓనరు గారు ఫోన్ చేసి చెప్పారు. నాకు చేతికొచ్చేది 58,000. ఆఫీసు మాదాపూర్‌లో, బండి మీద వెళ్తాను. మా ఆవిడ ఇంటి దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమెకు 16,000 వస్తుంది. పాప కూడా అదే స్కూల్లో చదువుతోంది, ఈ జూన్‌లో మూడో తరగతికి వస్తుంది.

నాన్నగారి ఆపరేషన్‌కి తీసుకున్న లోను ఈఎంఐ 9,000, ఇంకా ఏడాదిన్నర కట్టాలి. ఊళ్ళో అమ్మానాన్నలకు 5,000, చిట్టీ 5,000, పాప ఫీజు నెలవారీ లెక్కేస్తే 3,000. కిరాణా, పాలు, కూరగాయలు, గ్యాస్ కలిపి 15,000. కరెంటు, ఫోన్లు, పెట్రోలు 5,000. ఇవన్నీ పోగా మిగిలేది నాలుగు వేలు. ఎవరికైనా జ్వరమొచ్చినా, చుట్టాల్లో పెళ్ళి పడినా క్రెడిట్ కార్డు గీకాల్సిందే. అద్దె పెరిగితే ఆ నాలుగు వేలల్లో మూడు వేలు దానికే పోతాయి.

ఊరి చివర పటాన్‌చెరు వైపున్న బీరంగూడలో ఇంతే ఫ్లాటు 15,000కి చూశాను, మెయింటెనెన్స్ 1,500. కొత్త అద్దెతో పోలిస్తే నెలకు 14,500 తేడా. మారిపోదామని నేనంటున్నాను, వద్దని మా ఆవిడ అంటోంది. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త దారి చెప్పండి.

బీరంగూడలో ఉండే ఒకరి జవాబు:

అన్నా, మేము ఇక్కడే ఉంటున్నాం. ఇళ్ళు విశాలంగా, గాలీ వెలుతురూ వచ్చేలా ఉంటాయి. కూరగాయలు, పాలు, పనమ్మాయి జీతం అన్నీ మీ వైపు కంటే తక్కువే. ఇబ్బంది అంతా ప్రయాణంతోనే. కాలనీ లోపలి నుంచి మెయిన్ రోడ్డు మీదున్న బీరంగూడ కమాన్ (ఆర్చి) దాకా రావడం ఒక ఎత్తు, అక్కడినుంచి బీహెచ్‌ఈఎల్, లింగంపల్లి దాటడం ఇంకో ఎత్తు. వాన పడిన సాయంత్రం ఇంటికి ఎన్నింటికి చేరతామో చెప్పలేం. పటాన్‌చెరు వైపు ఉద్యోగం అయితే కళ్ళు మూసుకుని రమ్మనేవాణ్ణి. మాదాపూర్ ఉద్యోగానికి మాత్రం ముందు ఒక సోమవారం ఉదయం ఇక్కడినుంచి బయల్దేరి చూసుకోండి. ఆదివారం ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ఈ రోడ్డు సంగతి తెలియదు.

చందానగర్ నుంచి, అకౌంట్స్ ఉద్యోగం చేసే ఒక అక్క జవాబు:

తమ్ముడూ, మీ లెక్కలో నన్ను ఆపింది పాప ఫీజు. కొండాపూర్ ప్రాంతంలో ప్రైవేటు స్కూలు ఫీజు నెలకు మూడు వేలు అంటే బాగా తక్కువ. టీచర్ల పిల్లలకిచ్చే రాయితీ ఏమైనా ఉందా? ఉంటే ఎంత? ఇల్లు మారాక మీ ఆవిడ అక్కడికే వెళ్ళి పనిచేస్తారా, మానేస్తారా? ఈ రెండూ చెప్పండి, తర్వాత లెక్క చూద్దాం.

ప్రశ్న అడిగినవారు:

అవునక్కా, సగం రాయితీ ఉంది. అసలు ఫీజు నెలకు ఆరు వేలు పడుతుంది. ఉద్యోగం గురించి ఇంకా అనుకోలేదు. బీరంగూడలో కూడా స్కూళ్ళున్నాయి కదా, అక్కడే దొరుకుతుందిలే అన్నాను. 12,000 దాకా ఇస్తారని తెలిసింది.

చందానగర్ అక్క:

మీ ఆవిడ వద్దంటున్నది అందుకే అనిపిస్తోంది. ఆమె ఉద్యోగం, పాప చదువు, ఫీజు రాయితీ మూడూ ఆ ఒక్క స్కూలుకే కట్టి ఉన్నాయి. ఇల్లు దూరమైతే మూడూ ఒకేసారి కదులుతాయి.

ముందు మీ ప్రయాణం. బీరంగూడ నుంచి మాదాపూర్ దాదాపు 18 కిలోమీటర్లు వేసుకోండి. రానూపోనూ 36, నెలకు 22 రోజులంటే 792 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 ఇస్తే పదిహేడున్నర లీటర్లు దాటుతుంది. లీటరు 107 అనుకుంటే దాదాపు 1,900. ఇప్పుడు మీకు అదే ఖర్చు నాలుగైదు వందలకు మించదు. అంటే 1,500 అదనం. డబ్బుగా చూస్తే ఇది పెద్దది కాదు, చాలామంది దీన్నే పెద్దగా చూసి అసలుదాన్ని వదిలేస్తారు.

అసలుది మీ ఆవిడ సంపాదన. ఆమె అక్కడే కొత్త ఉద్యోగంలో చేరితే జీతంలో 4,000 తగ్గుతుంది, కొత్త స్కూలు రాయితీ ఇవ్వకపోతే ఫీజులో ఇంకో 3,000 పెరుగుతుంది. 14,500లో ఇవి, పెట్రోలు తీసేస్తే మిగిలేది 6,000. కొత్త స్కూలు అడ్మిషన్ ఫీజు, యూనిఫాం, పుస్తకాలు ఇందులో లేవు. ఆమెకు వెంటనే ఉద్యోగం దొరక్కపోతే 16,000 జీతమూ పోయి, నెలకు 6,000 ఎదురు పెట్టుకోవాలి. ఆమె పాత ఉద్యోగంలోనే ఉంటానంటే, ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు టికెట్ లేదు కాబట్టి బస్సు ఖర్చు ఉండదు. కానీ ఎనిమిదింటి స్కూలుకు ఎనిమిదేళ్ళ పిల్లను నిద్ర లేపి, కమాన్ దాకా ఆటో, అక్కడ బస్సు, మధ్యలో ఇంకో బస్సు. వంట ఎన్నింటికి మొదలుపెట్టాలో ఆమెను అడగండి. ఆ భారం మీ కాగితం మీద ఎక్కడా కనిపించదు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

అలాగని ఉన్నచోటే ఉండిపొమ్మనడం లేదు. పెంచిన అద్దె, మెయింటెనెన్స్ కలిపి 31,000, మీ ఇద్దరి జీతం 74,000. నూటికి 42 రూపాయలు ఇంటికే. అప్పు ఉన్న సంసారానికి ఇది చాలా ఎక్కువ, మారాల్సిందే. అయితే ఉన్న రోడ్డు మీదే కొంచెం వెనక్కి జరగండి. హఫీజ్‌పేట, మదీనగూడ లోపలి వీధుల్లో లిఫ్టు, వాచ్‌మన్ హడావుడి లేని పాత అపార్ట్‌మెంట్లు, ఇండిపెండెంట్ ఇళ్ళలో పోర్షన్లు చూడండి. మీ ఆవిడ స్కూలుకు అక్కడినుంచి నాలుగైదు కిలోమీటర్లే. హఫీజ్‌పేట ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ తర్వాతది హైటెక్ సిటీయే, కానీ రైలుకూ రైలుకూ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి దాన్నే నమ్ముకోకండి, వానాకాలంలో ఒక ఆసరాగా పెట్టుకోండి.

అక్కడ 19,000 అద్దె, నీళ్ళు, క్లీనింగ్ కలిపి ఇంకో వెయ్యి అనుకుంటే 20,000. నెలకు 11,000 తగ్గుతుంది. పెట్రోలు, అప్పుడప్పుడూ ఆటో తీసేసినా పది వేలు చేతిలో ఉంటాయి. ఉద్యోగం, రాయితీ, పాప స్నేహితులు ఎక్కడివక్కడే ఉంటారు. బీరంగూడలో ఆరు వేల కోసం పడే కష్టంతో దీన్ని పోల్చుకోండి.

ఇంకొకరి జవాబు:

ఈఎంఐ తీరేదాకా భార్యాబిడ్డల్ని ఊరికి పంపేసి, మీరు మాదాపూర్‌లో హాస్టల్లో ఉంటే సరిపోతుంది కదా. మా ఆఫీసులో ఇద్దరు అలాగే చేశారు.

చందానగర్ అక్క:

ఆ మాట చివరి దారిగానే ఉంచాలండీ. ఆమె జీతం పోతుంది, ఊళ్ళో స్కూలు ఫీజు ఉంటుంది, హాస్టలు ఖర్చు ఉంటుంది, ప్రతి శనివారం బస్సు చార్జీలు ఉంటాయి. పైగా పిల్ల తండ్రికి దూరంగా పెరుగుతుంది. ఏడాదిన్నర తర్వాత మళ్ళీ ఇక్కడ ఇల్లు, స్కూలు, ఉద్యోగం మూడూ వెతుక్కోవాలి.

ఫ్లాటు అద్దెకిచ్చిన ఒక పెద్దాయన జవాబు:

బాబూ, ఓనరు వైపునుంచి ఒక మాట. ఇల్లు వెతికే ముందు మీ 11 నెలల అగ్రిమెంటు తీసి చదవండి. పెంపు నూటికి ఐదా, పదా అన్నది చాలా అగ్రిమెంట్లలో రాసే ఉంటుంది. మీకు అడిగింది నూటికి 12. మీరు ఖాళీ చేస్తే రంగులు వేయించి, కొత్తవాళ్ళు దొరికేదాకా ఒక నెల ఖాళీగా ఉన్నా ఓనరుకు 25,000 నష్టం. మీ దగ్గర ఏడాదంతా అదనంగా వచ్చేది 36,000. నెల నెలా ఒకటో తేదీకి అద్దె వేసే మనిషిని పోగొట్టుకోవాలని ఏ ఓనరూ అనుకోడు. ఫోన్లో కాదు, నేరుగా వెళ్ళి మాట్లాడండి. 26,000 దగ్గర ఆగే అవకాశం ఉంది. మారాలనే నిర్ణయం తీసుకున్నా, మంచి ఇల్లు దొరికేదాకా ఆ రెండు వేలు మిగులుతాయి.

అద్దె ఇళ్ళు వెతికేటప్పుడు దక్షిణం వాకిలి ఇళ్ళు కూడా చూడండి. మనవాళ్ళు చాలామంది వద్దంటారు కాబట్టి అవి ఖాళీగా ఉండిపోతాయి, ఓనర్లు వెయ్యో రెండు వేలో తగ్గిస్తారు. ఆషాఢంలో కూడా ఇళ్ళు మారేవాళ్ళు తక్కువ, బేరం బాగా కుదురుతుంది. పట్టింపు లేకపోతే వాడుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళకు పట్టింపు ఉంటే మాత్రం దాని కోసం గొడవ పెట్టుకోవద్దు.

బోడుప్పల్ నుంచి ఒకరు:

ఈ కుటుంబానికి వర్తించకపోవచ్చు గానీ చదివేవాళ్ళలో తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు కరెంటుకు సున్నా బిల్లు వస్తున్నవాళ్ళు ఇల్లు మారితే, కొత్త ఇంటి మీటరు సర్వీసు నంబరుతో మళ్ళీ నమోదు చేయించుకోవాలి. ఆ ఇంటికి వేరే మీటరు ఉందో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి. ఓనరుదీ మీదీ ఒకే మీటరైతే చిక్కే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఓనరు గారింటికి వెళ్ళి మాట్లాడాను. అగ్రిమెంటులో నూటికి ఐదు అని రాసి ఉంది, చూపించాను. 26,250కి ఒప్పుకున్నారు. అక్క రాసినది మా ఆవిడకు చదివి వినిపించాను. హఫీజ్‌పేట అయితే తనకు ఇబ్బంది లేదంది, ఈ ఆదివారం ఇద్దరం కలిసి చూడ్డానికి వెళ్తున్నాం. ఇప్పుడు భయం చేతి డబ్బు గురించి. కొత్త ఇంటికి రెండు నెలల అడ్వాన్స్ 38,000 ముందే కట్టాలి. ఇక్కడ మా అడ్వాన్స్ 50,000 ఉంది కానీ ఖాళీ చేశాకే ఇస్తారు, అందులోనూ పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటారు. ఆ 25,000 నష్టం తలుచుకుంటే మారడమే వద్దనిపిస్తోంది.

చందానగర్ అక్క:

ఆ పెయింటింగ్ డబ్బు మీరు ఇప్పుడు ఖాళీ చేసినా, మూడేళ్ళ తర్వాత చేసినా పోయేదే. మారడం వల్ల వచ్చిన నష్టం కింద దాన్ని రాసుకోకండి. మారడానికి నిజంగా అయ్యేది సామాను బండి, హమాలీలు, ఏసీ ఊడదీసి బిగించడం, బ్రోకరు ఉంటే ఆయన కమీషన్. బ్రోకరు లేకుండా వీధుల్లో టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగితే 15,000లో తేలుతుంది. నెలకు పది వేలు మిగిలే చోట అది రెండు నెలల లోపే తిరిగొస్తుంది. ఓనరు తగ్గించిన 26,250తో పోల్చినా మీకు నెలకు ఎనిమిది వేలు మిగులుతాయి.

అడ్వాన్స్ విషయానికి వస్తే, ఒక నెల ముందే నోటీసు ఇచ్చి, ఆఖరి నెల అద్దె అడ్వాన్స్‌లో సర్దుకోమని మీ ఓనరు గారిని అడగండి. ఆ నెల మీ చేతిలో ఉండిపోయే డబ్బుతో కొత్త ఇంటి అడ్వాన్స్‌లో చాలా భాగం కట్టేయొచ్చు. మిగతాది సామాను దించిన రోజు ఇస్తామంటే కొత్త ఓనర్లు సాధారణంగా ఒప్పుకుంటారు. దీని కోసం క్రెడిట్ కార్డు ముట్టుకోవద్దు, చిట్టీ పాడుకోవద్దు.

ఇల్లు చూసేటప్పుడు ఓనరు మాట కంటే పక్క పోర్షన్ వాళ్ళ మాట నమ్మండి. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండిందా, ట్యాంకరు తెప్పించారా, ఆ డబ్బు ఎవరెంత పంచుకున్నారు అని వాళ్ళనే అడగండి. వంటింటి కుళాయి అంచుల్లో, బాత్‌రూం షవరు చిల్లుల దగ్గర తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటే ఆ ఇంటికి బోరు నీళ్ళే ఎక్కువ వాడుతున్నారని అర్థం. మున్సిపల్ నీళ్ళు ఏ రోజు, ఎంతసేపు వస్తాయో కనుక్కోండి. ఇల్లు నచ్చితే టోకెన్‌గా ఐదు వేలకు మించి ఇవ్వకండి, అదీ ఫోన్‌పేలో పంపి, దేనికోసం పంపారో రాయండి. అగ్రిమెంటులో పెంపు నూటికి ఎంత, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత అన్న రెండూ అంకెల్లో ఉండాలి.

ఆదివారం చూసిన ఇళ్ళ అద్దె, నీళ్ళ సంగతి ఇక్కడ రాయండి. మదీనగూడలో మా ఆఫీసువాళ్ళు ఇద్దరు ఉంటున్నారు, ఏ వీధిలో ఖాళీలున్నాయో వాళ్ళను అడిగి రేపు చెబుతాను.