కానక కన్నది కైవల్యము: 'కానక'నా, 'కనక'నా?

ప్రశ్న:
అన్నమయ్య 'నానాటి బదుకు నాటకము' పల్లవి రెండో పాదం నాకు 'కానక కన్నది కైవల్యము' అనే గుర్తు. ఈమధ్య ఒకరు 'కనక కన్నది' అని పాడగా విన్నాను. ఏది సరి? 'కన్నది' అంటే చూసినదా, పుట్టించినదా? మోక్షం గురించి ఆయన ఏం చెప్పారన్నది నాకు ఇక్కడే చిక్కుపడింది.

జవాబు:
'కానక' తప్ప మరొకటి పొసగదు. పైపాదం 'నానాటి', ప్రాసాక్షరం (పాదంలో రెండో అక్షరం) 'న', దాని ముందున్నది గురువు, అంటే ఇక్కడ 'నా' అనే దీర్ఘం. కిందా గురువే ఉండాలి. 'కనక' అంటే ప్రాస చెడుతుంది. చరణంలో పుట్టు, నట్ట, ఎట్ట, కట్ట అని నడిపినాయన పల్లవిలో జారవిడుస్తారా? అర్థమూ సూటిగానే ఉంది: కంటితో చూడకుండానే చూసినది కైవల్యం.

జవాబు:
ప్రాస సరే మాస్టారూ, అర్థం అంత సూటిగా లేదు. లేకలేక కలిగిన బిడ్డని 'కానక కన్న బిడ్డ' అంటాం కదా! అన్నమయ్య చెవిలో మోగింది ఆ నుడికారమే అని నా నమ్మకం. ఎన్నో జన్మలు ఎదురుచూస్తే దక్కినది కైవల్యం.

జవాబు:
వినడానికి బాగుంది కానీ, 'ఎట్టనెదుట గలదీ ప్రపంచము' అన్న పాదం ఏం కావాలి? ఎదుట కనబడేది ప్రపంచం, కనబడనిది కైవల్యం. పాటంతా చూపు చుట్టూనే తిరుగుతుంది.
నన్ను తొలిచేది 'కైవల్యం' అన్న మాటే. శ్రీవైష్ణవంలో కైవల్యమంటే జీవుడు తన ఆత్మానుభవంలోనే ఒంటరిగా ఉండిపోవడం, భగవంతుణ్ణి చేరడం కంటే తక్కువ. యోగంలో అదే చివరి గమ్యం, పతంజలి సూత్రాల్లో నాలుగో పాదం పేరే కైవల్యపాదం. వేంకటేశ్వరుడికే అంకితమైన అన్నమయ్య ఈ మాట ఎందుకు పట్టుకున్నారు?

జవాబు:
పోతన ఏమన్నాడో చూడండి. 'శ్రీ కైవల్య పదంబు జేరుటకునై చింతించెదన్.' భక్త కవులకు అది మోక్షానికి మామూలు పేరైపోయింది, శాస్త్రంలోని తేడా వాళ్లకి అడ్డు రాలేదు.
పోతన దగ్గర నేను మళ్ళీ మళ్ళీ ఆగేది 'నే పలికిన భవహరమగునట' దగ్గర. ఆ 'అట' ఎంత గొప్పది! జన్మబంధం తెగుతుందని తానుగా ప్రకటించలేదు, తెగుతుందట అన్నాడు. గజేంద్రుడి నోట 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అనిపించిందీ ఆయనే. సందేహాన్ని ఇంత ఆదరంగా భక్తిలోకి రానిచ్చిన కవి నాకు మరొకరు కనబడరు.

జవాబు:
నేను ఆ 'అట' దాటి వెళ్లను. పరలోకం నమ్మను. పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకుల 'భస్మీభూతస్య దేహస్య పునరాగమనం కుతః' (బూడిదైన దేహం మళ్ళీ రావడం ఎక్కడిది?) నాకు చాలు. అయినా 'పుట్టుటయు నిజము పోవుటయు నిజము' అంటే ప్రాణం. పేచీ అంతా 'నట్టనడిమి పని నాటకము' తోనే. ఇంకో బతుకు లేనప్పుడు మనిషికున్న నిజమంతా ఆ నడిమి పనిలోనే ఉంది. 'పెంట దినెడు కాకి పితరు డెట్లాయెరా' అని వేమన నిలదీసిందీ బతికున్నవాళ్ల తరఫునే.

జవాబు:
నేను చర్చికి వెళ్లే మనిషిని. మేం 'రక్షణ' అంటాం. శరీరం తిరిగి లేస్తుందని మా విశ్వాసం, కాబట్టి ఒంటరి ఆత్మగా మిగిలే కైవల్యం మాకు దూరం. కానీ 'తెగదు పాపము, తీరదు పుణ్యము' అన్న చరణం మా గుండెకు దగ్గర. మన చేతలతో ఆ లెక్క తీరదు, ఏలిక దయ ఉండాలి. ఎఫెసీయులకు రాసిన పత్రికలోని కృప ఇదే కదా!

జవాబు:
దగ్గరే కానీ ఒకటి కాదండీ. 'వొడిగట్టుకొనిన వుభయకర్మములు గడిదాటినపుడే' అన్నారు. 'ఉభయ' గమనించండి. ఇక్కడ పుణ్యమూ బంధమే, దాన్నీ దాటాలి. ఆ 'గడి' సరిహద్దు అని నా పట్టు.

జవాబు:
గడి అంటే కోట కూడా. లోపల ఉన్నంతసేపూ అదే లోకమనుకుంటాం.

అడిగినవారు:
'కానక' తేలింది, సంతోషం. 'కన్నది' విషయంలో నా మనసు లేకలేక కలిగిన బిడ్డ వైపే లాగుతోంది. మరి 'గగనము మీదిది కైవల్యము' అంటే అది చోటా, స్థితా?

జవాబు:
ఆకాశాన్నే దాటినదానికి చోటెక్కడిది? స్థితే.

జవాబు:
తొందరపడకండి. 'ఆ మీదట' అంటాం కదా, 'మీది'కి తర్వాత అనే అర్థమూ ఉంది. అప్పుడది చోటూ కాదు, స్థితీ కాదు, కాలం.