లైసెన్సు వచ్చిన పిల్లల పక్క సీటులో ఎన్నాళ్లు కూర్చోవాలి?

మారతహళ్లి నాన్న:
మా అమ్మాయికి 19 ఏళ్లు. ఎల్.ఎల్.ఆర్. తీసుకుని 30 రోజులు గడవగానే పరీక్షకు వెళ్లి, గత నెలలో కారు లైసెన్సు తెచ్చుకుంది. డ్రైవింగ్ స్కూలువారు పదిహేను రోజుల పాటు రోజుకు అరగంట నేర్పారు కానీ, ఆ నేర్పినదంతా మా లేఅవుటు లోపలి వీధుల్లోనే. ఇప్పుడు బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా కాలేజీకి తానే నడుపుకుంటూ వెళతానంటోంది. పిల్లలకు కారు ఇచ్చినవారు తమ అనుభవం తెలియజేయగలరు.

బెళ్లందూరు వాసి:
మావాడి విషయంలో నేను పొరబడ్డాను. స్కూలు కారులో శిక్షకుడి కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడల్లా సగం క్లచ్ పట్టినది ఆయనేనన్న సంగతి, సిల్క్ బోర్డు ఫ్లైఓవర్ మీద మా సొంత కారు మూడుసార్లు ఆగిపోయి, వెనక్కి జారి, వెనకనున్న బస్సు హారను మోగించే వరకు నాకు తెలియలేదు. ఆ మర్నాటి నుంచి రెండు వారాలు మా అపార్ట్‌మెంటు బేస్‌మెంటు ర్యాంపు మీదే, క్లచ్ పట్టే చోటు కాలికి తెలిసేదాకా ఎక్కించి దించాను. తరువాత ఆదివారం ఉదయం ఆరింటికి, ఆపై పనిదినాల్లో, ఆపై వానలో, చిట్టచివర రాత్రిపూట. మొత్తం నాలుగు నెలలు పట్టింది. ఇంతకీ మీ కారుకు హ్యాండ్‌బ్రేకు లివరా, బటనా? లివరైతే పక్కవారికి అందుతుంది. బటనైతే అదెలా పనిచేస్తుందో ముందే చూసుకోండి.

చిత్తూరు కోడలు:
మా చెల్లెలు సిడ్నీలో ఉంటుంది. అక్కడ 25 ఏళ్ల లోపువారు సాధారణంగా 120 గంటలు, అందులో 20 రాత్రిపూట, లైసెన్సున్న పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని నడిపినట్టు పుస్తకంలో రాసి చూపితేగాని పరీక్షకు రానివ్వరు. నెగ్గాక కూడా తొలి ఏడాది ఎర్ర 'పి' అక్షరం పలక తగిలించుకోవాలి. రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు 21 ఏళ్ల లోపువారిని ఒకరికి మించి ఎక్కించుకోకూడదు. మన దగ్గర 'ఎల్' పలక తీసిన నాడే నలుగురు స్నేహితులతో అర్ధరాత్రి మైసూరు దారి పట్టినా అడిగేవారు లేరు. 120 గంటలు మన ఉద్యోగాలతో కుదరవేమో గాని, స్నేహితుల నియమానికి ఖర్చేమీ లేదు. మా అబ్బాయి మూతి ముడుచుకుంటూనే ఆరు నెలలు పాటించాడు.

కడప కుర్రాడు:
పెద్దలు క్షమించాలి. మా నాన్నగారు పక్కన కూర్చుని, టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర కనిపించిన ప్రతి ఆటోకూ "బ్రేకు, బ్రేకు" అని అరిచేవారు. ఆ కేకకు ఉలిక్కిపడి నేను గట్టిగా తొక్కితే వెనకాల వస్తున్న స్కూటరు మాకు తగిలింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బలు తగలలేదు. ఆ సాయంత్రం ఒప్పందం చేసుకున్నాము. ఆయన చెప్పదలచుకున్నది కూడలికి ముందే చెప్పాలి, కూడలిలో మాట్లాడకూడదు. నేను మాత్రం చూస్తున్నవి పైకి చెబుతూ నడపాలి: ఎడమ అద్దంలో బైకు ఉంది, ముందు బస్సు ఆగబోతోంది, అని. నేను చూశానన్న సంగతి ఆయనకు వినబడటంతో కేకలు వాటంతట అవే తగ్గాయి.

మారతహళ్లి నాన్న:
అందరికీ కృతజ్ఞతలు. మా కారుకు లివరే ఉంది. ఈ వారమంతా ర్యాంపు మీద, ఆదివారం ఆరింటికి హెబ్బాళ దాకా అనుకున్నాము. కడప బాబు రాసినది అమ్మాయి కూడా చదివింది. పక్క సీటులో నేను కాకుండా వాళ్లమ్మ కూర్చోవాలని షరతు పెట్టింది.