సముద్రంలో దిమ్మెలు వేస్తే చేప పెరుగుతుందా, చేరుతుందా?

మాది నెల్లూరు జిల్లా, జువ్వలదిన్నె దగ్గర. నాన్నది ఫైబర్ బోటు. దగ్గర్లో చేప పడటం లేదని ఇంట్లో రోజూ టెన్షనే. అందుకే చేపలు చేరేలా సముద్రం అడుగున సిమెంటు దిమ్మెలు వేయించాలని ఆలోచిస్తున్నాం.

అమెరికాలో బ్లాక్ ఐలాండ్ దగ్గర 2016లో సముద్రంలోనే 5 గాలిమరలు పెట్టారు. వాటి ఇనుప కాళ్లకు ఆల్చిప్పలు పట్టి, చుట్టూ బ్లాక్ సీ బాస్ అనే చేప బాగా చేరిందని చదివాను. నాకది నమ్మబుద్ధవుతోంది. నీళ్లలో నానిన లంగరు తాడు పైకి లాగితే గుల్లలు, నాచు, వాటి సందుల్లో గోరంత పీతలు కనిపిస్తాయి. వాటికోసం చిన్న చేప, దాని వెనక పెద్ద చేప.

మన దేశంలో ఈ గాలిమరలకు గుజరాత్, తమిళనాడు తీరాలను ముందుగా ఎంచుకున్నారు. మనకు అందుబాటులో ఉన్నవి సిమెంటు దిమ్మెలే. నా అసలు భయం ఒకటే: చేప నిజంగా పెరుగుతుందా, లేక చుట్టుపక్కలదే ఒకచోటికి చేరితే మనమే ఊడ్చేస్తామా? బురద అడుగున దిమ్మెలు కూరుకుపోవా? వలలు తగులుకుంటే ఎలా?

మైపాడు, కొత్తపట్నం వైపు వేటకెళ్లే అన్నలు, మత్స్యశాస్త్రం చదివినవాళ్లు దయచేసి చెప్పండి. ఎంత లోతులో వేయాలో తెలిస్తే అదీ రాయండి. ఊరి పెద్దలతో మాట్లాడి, మత్స్యశాఖకు అర్జీ పెట్టాలనుకుంటున్నాం.