చిల్డ్రన్స్ పూల్ బీచ్ పిల్లలదా, సీల్స్‌దా?

ట్రిప్_ప్లాన్: జనవరిలో శాన్ డియాగో వెళ్తున్నాం, ఇద్దరు చిన్నపిల్లలతో. బాల్బోవా పార్క్, జూ, మిడ్‌వే మ్యూజియం లిస్టులో ఉన్నాయి, కానీ మావాళ్ల గోలంతా అక్కడి లా హోయా తీరంలో కనిపించే సీల్స్ అనే సముద్ర జంతువుల గురించే. తీరా చూస్తే డిసెంబర్ 15 నుంచి మే 15 దాకా సీల్స్ పిల్లల్ని కనే సీజనని అక్కడి చిల్డ్రన్స్ పూల్ అనే చిన్న బీచ్ ఇసుకలోకి ఎవర్నీ దిగనివ్వరట. పిల్లల కోసం కట్టిన చోటికి పిల్లల్నే రానివ్వకపోవడం న్యాయమేనా?

ఒడ్డు_మనిషి: న్యాయం కాదండి. అక్కడ అలల్ని ఆపే వంపు గోడని ఎలెన్ బ్రౌనింగ్ స్క్రిప్స్ అనే దాత తన సొంత డబ్బుతో 1931లో కట్టించింది, పిల్లలు అలల భయం లేకుండా ఈత కొట్టుకోవాలని. ఆ ఏడాదే రాష్ట్రం ఆ తీరాన్ని సిటీ చేతిలో పెట్టింది కూడా అందుకే. సీల్స్ గుంపులుగా చేరింది 90ల్లో. వాటికి తీరం పొడవునా కావలసినన్ని రాళ్లున్నాయి, గోడ చాటు నీళ్లు పిల్లలకి ఇంకెక్కడున్నాయి? ఇసుక తవ్వి పాత స్థితికి తెమ్మని 2005లో కోర్టు కూడా చెప్పింది.

అలల_చాటు: కోర్టు మాట నిజమే, కానీ కథ అక్కడితో ఆగలేదు కదా. 2009లో రాష్ట్రం ఆ తీరాన్ని సిటీకిచ్చిన చట్టాన్నే మార్చి, సీల్స్ లాంటి సముద్ర క్షీరదాల పార్కుగానూ వాడుకోవచ్చని చేర్చింది. 2014లో ఈ సీజన్ మూసివేత వచ్చింది, దాని మీదా కేసు నడిచి 2018లో అప్పీల్ కోర్టు మూసివేతనే సమర్థించింది.

అసలు సీల్స్‌కి అది నచ్చేలా చేసింది మనమే. ఇసుక బయటికి పోవడానికి గోడలో పెట్టిన తూముల్ని మూసేశారు, లోపల ఇసుక మేటవేసింది, అలల్లేని మెత్తటి చోటు దొరికాక అవి ఎందుకు పోతాయి? సీల్ పిల్ల పుట్టాక తల్లి పాలిచ్చేది నాలుగు నుంచి ఆరు వారాలు, అంతే. ఆ కాస్త టైమ్‌లో మనిషి దగ్గరికి వెళ్తే తల్లి బెదిరి నీళ్లలోకి దూకుతుంది, పిల్ల ఒడ్డున ఉండిపోతుంది, తల్లి తిరిగి రాకపోతే ఆ పిల్ల బతకదు. గోడ మీద నిలబడి చూడండి, తల్లి పొట్ట మీద డేక్కుంటూ వచ్చి పిల్ల ముక్కుకి ముక్కు ఆనించి వాసన చూసుకుంటుంది, తన పిల్లేనా కాదా అని. ఇది చూడ్డానికి కింద ఇసుకలో నిలబడాల్సిన పని లేదు. ఆ నీళ్లలో సీల్స్ వల్ల బాక్టీరియా ఎక్కువైందని 90ల చివర్లోనే తేలింది, అందులో చిన్నపిల్లల్ని దింపుతామని పట్టుబట్టడం నాకు అర్థం కాదు.

ఒడ్డు_మనిషి: బాక్టీరియా వచ్చింది సీల్స్ వల్లే కదా, అది నా వాదనే. ఐదు నెలలు మూసినా ఒప్పుకుంటాను, కానీ మిగతా నెలల్లో కూడా తాడు కట్టి ఉంచుతారు, అది మాత్రం అన్యాయం.

అలల_చాటు: తాడు ఉన్నా ఆ నెలల్లో ఇసుకలోకి దిగొచ్చు, సీల్స్ మీదికి వెళ్లొద్దని గుర్తు చేయడానికే అది. తాడు లేకపోతే ఏమవుతుందో పక్కనే పాయింట్ లా హోయా అనే రాళ్ల ఒడ్డున చూశాం. సీల్స్ లాంటివే అయిన సీ లయన్ల పిల్లల పక్కన సెల్ఫీలు, తాకడాలు. సముద్ర క్షీరదాలను వేధించడం అమెరికా 1972 చట్టం ప్రకారం నేరం, అయినా జనం ఆగలేదు, చివరికి 2023లో ఆ రాళ్లని ఏడాదంతా మూయాలని సిటీ నిర్ణయించింది. మనం ముందే దూరం పాటించి ఉంటే అంతదాకా వచ్చేది కాదు.

ట్రిప్_ప్లాన్: సరే, పైనుంచే చూపిస్తాం. మరి పిల్లలు ఇసుకలో ఆడుకోవడానికి?

అలల_చాటు: లా హోయా షోర్స్ బీచ్‌కి తీసుకెళ్లండి, అక్కడ ఒడ్డు వెడల్పు, దిగుడు మెల్లగా ఉంటుంది. జనవరిలో నీళ్లు బాగా చల్లగా ఉంటాయి, స్నానం కంటే ఇసుకాటే. లైఫ్‌గార్డ్ టవర్ దగ్గరే ఉండండి. చిల్డ్రన్స్ పూల్‌కి పోటు తగ్గినప్పుడు వెళ్తే మంచిది. చలికాలం పెద్ద అలలు గోడ మీదుగా దూకుతాయి, అలాంటి రోజున గోడ మీదికి ఎక్కకుండా పైన ఫుట్‌పాత్ నుంచే చూపించండి.