ఆక్టేవియా ఆర్ఎస్ ముందు స్ట్రట్లు పోయినయ్: రీబిల్డా, కంపెనీవా, బిల్‌స్టీనా?

హన్మకొండ_230
కారు స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 230, 2017 మోడల్, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు ఎడమ స్ట్రట్ (స్ప్రింగును మోస్తూ, దాని ఊపును ఆపే ఆయిల్ డ్యాంపర్) మీద ఆయిల్ కింది దాకా కారింది. కుడి దానికి సీల్ దగ్గర చెమ్మ మాత్రమే ఉన్నది. హైదరాబాద్ రోడ్డు మీద రంబుల్ స్ట్రిప్స్ వచ్చినప్పుడు ముందు భాగం తేలుతున్నది, బ్రేకు కొడితే ముక్కు బాగా దిగుతున్నది. ముందు టైర్లను చెయ్యితోని తడిమితే ఎత్తుపల్లాలు తగులుతున్నయ్.

మూడు మాటలు వినొస్తున్నయ్. ఆయిల్ నింపి రీబిల్డ్ చేపియ్యమని, స్కోడా కంపెనీవే కొత్తవి వెయ్యమని, ఎట్లాగూ విప్పుతున్నం కాబట్టి బిల్‌స్టీన్ బీ6, అంటే ఆ బ్రాండు గట్టి రకం డ్యాంపర్, వెయ్యమని. వరంగల్, ములుగు, కరీంనగర్ రోడ్లకు ఏది సరైందో కారణంతోని చెప్పండి.

కరీంనగర్_పానా
రీబిల్డ్ మాట పక్కన పెట్టు తమ్మీ. దీనికి వచ్చేది ట్విన్ ట్యూబ్ స్ట్రట్, అంటే ఒకదాంట్ల ఒకటి రెండు గొట్టాలున్నది. పై అంచును ఫ్యాక్టరీలనే మడిచి మూసేస్తరు, విప్పేటందుకు మర ఉండదు. అందుకే గొట్టానికి రంధ్రం చేసి, పాత ఆయిల్ తీసి, వేరేది పోసి వెల్డింగ్ కొడ్తరు. లోపల తక్కువ ఒత్తిడితోని ఉన్న నైట్రోజన్ రంధ్రం చేసిన క్షణమే పోతది. మళ్లా నింపకపోతే పిస్టన్ జోరుగా ఆడినప్పుడు ఆయిల్ నురగ అయితది, నురగకు డ్యాంపింగ్ ఉండదు. మే నెల ఎండల రంబుల్ స్ట్రిప్స్ వరుసగా వచ్చే చోట ఇదే బయటపడుతది. ఇగ పోసిన ఆయిల్ చిక్కదనం ఎంతనో ఎవరికీ లెక్క ఉండదు, ఎడమ కుడి ఒక్క తీరుగ వస్తయన్న భరోసా లేదు. 230 గుర్రాల బండికి అది సరిపోదు.

లోకల్_రేసర్_కేజడ్‌జే
రీబిల్డ్‌ను మొత్తంగా కొట్టిపారేయొద్దు. విప్పి సర్వీస్ చేసేందుకే తయారైన డ్యాంపర్లు ఉన్నాయి. ర్యాలీ కార్లలో సీళ్లు, ఆయిల్ మార్చి, నైట్రోజన్ ఎక్కించి, డైనో (డ్యాంపర్ బలం కొలిచే యంత్రం) మీద ఎడమ కుడి సరిచూసి మళ్లీ బిగిస్తారు. పనికిరానిది రంధ్రం కొట్టి వెల్డింగ్ చేసే పద్ధతి, రీబిల్డ్ అనే పనే కాదు.

నా ఓటు బీ6కే. స్ట్రట్ రూపంలో వచ్చే బీ6లు చాలావరకు తలకిందుల మోనోట్యూబ్, అంటే ఒకే గొట్టం ఉన్న డ్యాంపర్‌ను తిరగేసి పెట్టినవి. లావుపాటి డ్యాంపర్ ఒళ్లే బయటి గొట్టంలో జారుతుంది, అందుకే పక్క నుంచి వచ్చే బలానికి సన్నటి రాడ్ కంటే గట్టిగా నిలబడుతుంది. ఆయిల్‌కు, గ్యాస్‌కు మధ్య తేలే పిస్టన్ ఉంటుంది కాబట్టి నురగ సమస్య దాదాపు లేదు. 120 మీద లేన్ మారేటప్పుడు తేడా స్టీరింగ్‌లోనే తెలుస్తుంది.

ములుగు_రోడ్డు
లేన్ మారడం సరే, ములుగు దాటినాక పగిలిన తారు అంచుల సంగతి చెప్పండి. బీ6 నెమ్మది కదలికల దగ్గర కూడా గట్టిగా ఉంటది. 40 మీద పదునైన గుంత అంచు ఎక్కితే ఆ దెబ్బ నేరుగా స్ట్రట్ పైభాగాన్ని బాడీకి పట్టే టాప్ మౌంట్‌కు, రిమ్ముకు, తక్కువ మందం టైరు గోడకు పోతది. అలాయ్ వంగితే ఆ కంట్రోల్ అంతా దేనికి?

ఇంకోటి. బీ6 మామూలు ఎత్తు స్ప్రింగులకు, బీ8 కిందికి దింపిన స్ప్రింగులకు చేసింది, బీ8 రాడ్ ప్రయాణం కురచ. ఆర్ఎస్‌కు ఫ్యాక్టరీ నుంచే స్పోర్ట్ స్ప్రింగులు. అందుకే బీ6 అని ముందే గీత గీయకుండా, బిల్‌స్టీన్ జాబితాలో మీ సస్పెన్షన్ కోడ్‌కు ఏది ఇచ్చిండ్రో చూడాలె. స్కోడా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లకు బూట్‌లనో సర్వీస్ బుక్కులనో కాగితం స్టిక్కర్ ఉంటది, దాని మీద మూడక్షరాల కోడ్లు ఉంటయ్. 1బీఏ మామూలుది, 1బీబీ ఎత్తు రోడ్లది, 1బీఈ స్పోర్ట్. స్పోర్ట్ స్ప్రింగు మీద మామూలు ఆక్టేవియా స్ట్రట్ బిగిస్తే ఎక్కుతది కానీ నొక్కుకున్న స్ప్రింగు వెనక్కి సాగేటప్పుడు దాన్ని పట్టుకోలేదు.

కరీంనగర్_పానా
అందుకే అంటున్న, ఆర్ఎస్ కోడ్‌తోని కంపెనీ స్ట్రట్, లేకుంటే అదే కొలతల సాక్స్ బ్రాండు స్ట్రట్. అయితే కోడ్ ఒక్కటే చాలదు. ఇదే అడుగు నిర్మాణం మీద వచ్చే కార్లకు స్ట్రట్ గొట్టం రెండు సైజులల వస్తది, 50 మిల్లీమీటర్లు, 55 మిల్లీమీటర్లు. నకిల్ (చక్రం హబ్‌ను పట్టే ముక్క) దవడల ఏది పడుతదో వర్నియర్ పెట్టి కొలిచినంకనే ఆర్డర్ పెట్టు. తప్పు సైజు పార్సిల్ విప్పి లిఫ్ట్ మీద తేలితే బండి అక్కడనే ఆగుతది.

టార్క్_రెంచ్_కావాలె
ఏ కంపెనీది వేసినా, బిగింపు తప్పితే కొత్త స్ట్రట్ కూడా ఏడాదికే కొట్టుకుంటది. గ్యారేజీల దగ్గరుండి చూసుకునేటోళ్లకు రాస్తున్న.

స్ట్రట్ తోని పాటు టాప్ మౌంట్, దాని కింద తిరిగే బేరింగ్, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు రెండు దిక్కులా కొత్తవి ఉండాలె. బంప్ స్టాప్ అంటే స్ట్రట్ పూర్తిగ దిగినప్పుడు దెబ్బ ఆపే నురగ రబ్బరు, ఇన్నేళ్లకు పొడి పొడి అయితది. తొడుగు చినిగిన స్ట్రట్ మీద గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల దుమ్ము నేరుగా క్రోమ్ రాడ్ మీద కూసుంటది, రాడ్ మీద గీత పడ్డంక సీల్ నిలవదు. లీకులకు ఇదొక ముఖ్య కారణం.

పైనున్న మూడు బోల్టులు అందాలంటే వైపర్ చేతులు పుల్లర్‌తోని తీసి, అద్దం కింది ప్లాస్టిక్ కౌల్ లేపాలె. పుల్లర్ లేక ఊపి గుంజితే వైపర్ ఇరుసు పళ్లు పోతయ్. కింద ఏబీఎస్ వైరు, బ్రేకు హోస్ బ్రాకెట్ నుంచి విడదీయాలె, స్టెబిలైజర్ లింకు స్ట్రట్ నుంచి ఊడదీయాలె, బాల్ జాయింట్ మూడు నట్లు కంట్రోల్ ఆర్మ్ దగ్గర విప్పాలె. హెడ్‌లైట్ ఎత్తు సెన్సార్ కడ్డీ ఆ ఆర్మ్‌కే ఉంటే దాన్నీ వదిలించాలె. అక్కడి నుంచి నకిల్ బరువు డ్రైవ్ షాఫ్ట్ మీద వేలాడొద్దు, లోపలి జాయింట్ గుంజుకుపోతది. వైరుతోని కట్టి ఉంచాలె.

నకిల్ దవడ చీలికల స్ప్రెడర్ ముక్క పెట్టి 90 డిగ్రీలు తిప్పితే స్ట్రట్ జారుతది. ఉలి పెట్టి కొట్టనియ్యొద్దు, చీలిక వంగితే కొత్త స్ట్రట్‌ను ఆ దవడ మళ్ల గట్టిగ పట్టదు. ఆ దవడను బిగించే పించ్ బోల్టు టార్క్ తర్వాత కోణం తిప్పి బిగించే రకం. ఒక్కసారి సాగింది, మళ్ల వాడొద్దు. కొత్త బోల్టు, కొత్త నట్టు, ఆ కోణం ఎంతనేది చాసిస్ నంబర్ పెట్టి మాన్యువల్‌ల చూసుకోవాలె.

స్ప్రింగు అమర్చేటప్పుడు చివర కింది కప్పుల ఆపుడు మెట్టుకు ఆనాలె. పక్కకు కూసుంటే స్టీరింగ్ తిప్పినప్పుడు టక్కుమంటది. రెండు కొక్కేల కంప్రెసర్ అయితే ఎదురెదురుగ పెట్టి, ఒక్కో వైపు కొంచెం కొంచెం బిగించాలె. రాడ్ నట్టును ఇంపాక్ట్ గన్‌తోని కొట్టనియ్యొద్దు: రాడ్ గిర్రున తిరిగి, కొత్త సీల్ మొదటి రోజే కోసుకుపోతది. అలెన్ కీతోని రాడ్ పట్టుకొని 60 న్యూటన్ మీటర్లు. వీల్ బోల్టులకు 120.

ట్విన్ ట్యూబ్ అయితే బిగించే ముందు నిలువుగ పెట్టి, మెల్లగ నాలుగైదు సార్లు పూర్తిగ నొక్కి వదలాలె, పెట్టెల పడుకోబెట్టి తెచ్చినప్పుడు లోపలి గొట్టంలకు చేరిన గాలి పోతది. ఇది చేయకనే "కొత్తది కూడా టక్ టక్ అంటున్నది" అని వెనక్కి పంపుతరు.

లోకల్_రేసర్_కేజడ్‌జే
బిగింపు విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తా. కానీ కంపెనీది వేసినా వెనక రెండూ 82 వేలవే కదా? ముందు కొత్త బలం, వెనక అరిగిన డ్యాంపర్. వేగంగా లేన్ మారితే ముందు వెంటనే కుదురుతుంది, వెనక ఇంకో ఊపు ఊగుతుంది. నాలుగూ మార్చాల్సిందే.

ములుగు_రోడ్డు
ముందు జత తప్పనిసరి, కుడిది చెమ్మే అని వదిలేస్తే బ్రేకుకు బండి ఒక దిక్కు లాగొచ్చు. వెనకవి మాత్రం చూసి చెప్పాలె. సీల్ దగ్గర పలుచని ఆయిల్ పొర మామూలే, కింది దాకా తడి ఉంటే పోయినట్టు. బానెట్ నొక్కి చూసే పాత పరీక్షను నమ్మొద్దు, ఈ కార్లు సగం పోయినా అక్కడ పాసైతయ్. వెనక టైర్లు ఎగుడుదిగుడు అరిగినయా, నలుగురు కూర్చున్నప్పుడు స్పీడ్ బ్రేకర్ దిగినాక ఎన్నిసార్లు ఊగుతున్నది, ఇవి చూడండి. బీ6 వేస్తే మాత్రం లోకల్_రేసర్ అన్నట్టు నాలుగూ ఒక్కసారే. ముందు బీ6, వెనక పాత కంపెనీవి అన్నది అన్నిట్ల చెడ్డ జోడీ.

హన్మకొండ_230
వెనక రెండూ పొడిగానే ఉన్నయ్, టైర్లు సమంగనే అరిగినయ్. స్టిక్కర్ మీద 1బీఈ ఉన్నది. అయితే ముందు జత కంపెనీవి, పైన చెప్పిన సామాన్లన్నీ కొత్తవి. అలైన్‌మెంట్ ఎప్పుడు చేపియ్యాలె? క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వంగే కోణం) స్ట్రట్ దగ్గరే సర్దుతరా?

టార్క్_రెంచ్_కావాలె
సర్దరు. రెండు బోల్టులతోని నకిల్‌కు పట్టే కార్లల స్ట్రట్ దగ్గర కొంత ఆట ఉంటది, దీనికి దవడ కాబట్టి ఉండదు. ముందు క్యాంబర్ ఎడమ కుడి తేడా వస్తే సబ్‌ఫ్రేమ్ (ముందు ఆర్మ్‌లను పట్టే అడుగు చట్రం) వదులు చేసి పక్కకు జరిపి సమం చేయాలె. మిషన్ మీద ఎర్రగ చూపిస్తే ఊరికే టో (చక్రాల ముందు భాగం లోపలికో బయటికో తిరిగిన కోణం) సర్ది పంపియ్యనియ్యకు. టో టై రాడ్ దగ్గర, వెనక టో, క్యాంబర్ రెండూ ఎక్సెంట్రిక్ బోల్టుల (తిప్పితే ఆర్మ్‌ను పక్కకు జరిపే బోల్టులు) దగ్గర.

విప్పిన లింకులు, ఆర్మ్‌లు కారు చక్రాల మీద నిలబడినంక ఒకసారి చూడాలె. రబ్బరు బుష్ ఉన్న బోల్టు ఏదన్నా వదులు చేస్తే, చివరి బిగింపు ఆ ఎత్తులనే చేయాలె. గాలిల వేలాడేటప్పుడు బిగిస్తే బుష్ మెలిపడి చిరుగుతది. తర్వాత వందా రెండొందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు కూసున్నంక అలైన్‌మెంట్. ఎత్తుపల్లాలుగ అరిగిన టైర్లు అట్లనే ఉంటే ఆ ఊగుడు కొంత మిగులుతది, దాన్ని చూసి స్ట్రట్ బాగలేదనుకోవద్దు. బాగా అరగకుంటే ఆ రెంటినీ వెనక్కి మార్చు.