ఆగిపోయిన ఆరోగ్య కేంద్రం పనులు మళ్లీ మొదలుపెట్టే ముందు ఏయే పరీక్షలు అడగాలి?

మా సామాజిక ఆరోగ్య కేంద్రం గ్రౌండ్ ఫ్లోర్ స్లాబు దాకా లేచి, బిల్లులు రాక రెండేళ్లుగా ఆగింది. సవరించిన అంచనాకు ఇప్పుడు మంజూరు వచ్చింది. కాంట్రాక్టరు నేరుగా పై అంతస్తు పిల్లర్లు పోసేస్తామంటున్నాడు.

పైకి వదిలిన పిల్లరు చువ్వలకు సిమెంటు పాలైనా పూయలేదు. స్లాబు మీద నీళ్లు నిలిచేచోట, సరిగ్గా చువ్వల మొదట్లోనే తుప్పు పొరలుగా ఊడుతోంది. పైపై తుప్పయితే వైర్ బ్రష్‌తో పోతుంది. చువ్వే సన్నబడితే దాన్ని కాంక్రీటులో కప్పెయ్యడం ప్రమాదం. చువ్వ మందం కొలిచే వెర్నియర్‌తో చూశాక ఎంత తగ్గితే, పక్కన రంధ్రం వేసి ఎపాక్సీ జిగురుతో కొత్త చువ్వ దించమనాలి?

కాంక్రీటు బలం చూడ్డానికి రీబౌండ్ హ్యామర్ (పైన కొట్టి, ఎంత వెనక్కి ఎగిరిందో చూసే పరికరం) చాలంటున్నారు. పాత కాంక్రీటు పైపొర కార్బనేషన్‌తో (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరడంతో) గట్టిపడి రీడింగు ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి అదొక్కటే నమ్మలేం. బలం పరీక్షకు కనీసం మూడు కోర్లు (డ్రిల్లుతో కోసి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్కలు) తీయించాలి. సగటు, ఆ గ్రేడుకు ఉండాల్సిన బలంలో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదని పట్టుబడుతున్నాం. కోర్లు పిల్లర్లలో తీయనివ్వచ్చా? తీస్తే ఏ ఎత్తులో, చువ్వలు తెగకుండా ఎలా?

గడ్డకట్టిన పాత సిమెంటు బస్తాలు వాడనివ్వం, అందులో చర్చ లేదు. ఒప్పందంలో లేని ఈ పరీక్షల ఖర్చు ఏ పద్దు కింద రాయించాలో కూడా తెలిసినవారు చెప్పండి. కాన్పుల గది వచ్చేది ఆ పై అంతస్తులోనే.