అంతరిక్ష మార్గాన సైనికుల తరలింపు: దీనిని తెలుగులో ఏమనాలి?

జయనగర్ నుంచి ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. బెంగళూరులోని మా తెలుగు సంఘం సంచిక కోసం నేను రాస్తున్న వ్యాసంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. అమెరికా మెరైన్ దళం 2002లో తమకు కావలసిన ఒక సామర్థ్యాన్ని కాగితం మీద పెట్టింది. పదమూడు మంది సైనికులున్న ఒక స్క్వాడ్‌ను, భూమి మీద ఏ మూలకైనా, అంతరిక్షం గుండా రెండు గంటల్లో చేర్చగలగాలన్నది దాని సారాంశం. పూర్తి పేరు ‘స్మాల్ యూనిట్ స్పేస్ ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఇన్‌సర్షన్’, పొడి అక్షరాల్లో ‘సస్టెయిన్’. దీనికి ‘అంతరిక్ష సేన పథకం’ అని రాయవచ్చునా? ‘ఇన్‌సర్షన్’కు ‘చొప్పించడం’ సరిపోతుందా?

మల్లేశ్వరం నుంచి జవాబు:

అమ్మా, ‘అంతరిక్ష సేన’ వద్దు. ఆ పేరు 2019 డిసెంబరులో ఏర్పడిన అమెరికా స్పేస్ ఫోర్స్‌కు మన పత్రికల్లో ఇప్పటికే వాడుకలో ఉంది. వాళ్ళ పని ఉపగ్రహాలను నడపడం, కాపాడటం; అందులో చాలామంది నేల మీద కంప్యూటర్ల ముందు కూర్చునేవారే. మీరు చెప్పే పదమూడు మందికి అంతరిక్షం యుద్ధభూమి కాదు, ఉద్యోగస్థలమూ కాదు, కేవలం దారి. భూమార్గం, జలమార్గం, వాయుమార్గం అనే వరస మనకు ఉండనే ఉంది కనుక ‘అంతరిక్ష మార్గాన’ అంటే చాలు. ‘బలగాల తరలింపు’ అన్నది రోజూ పత్రికల్లో చదివే మాటే.

రాకెట్ల రంగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి ఆ దారి గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే పేరు దానిమీదే ఆధారపడుతుంది. ఇంజన్లు మొదటి కొద్ది నిమిషాలే మండుతాయి. ఆ తరువాత వాహనం విసిరిన రాయిలా వాతావరణం పైకి వెళ్ళి, మళ్ళీ భూమి వైపు వంగి, అపారమైన వేడిని తట్టుకుంటూ గాలిలోకి ప్రవేశించాలి. ఆ రోజుల్లో ఈ ఆలోచనకు ఊపిరి పోసింది స్పేస్‌షిప్‌వన్ అనే ప్రైవేటు రాకెట్ విమానం. అది 2004లో వంద కిలోమీటర్ల ఎత్తును దాటి కోటి డాలర్ల బహుమతి గెలుచుకుంది. అయితే అది శబ్దవేగానికి మూడు రెట్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు ఒక కిలోమీటరు చొప్పున, నిట్టనిలువుగా ఎగిరి, బయలుదేరిన మొహావీ రన్‌వే మీదనే తిరిగి దిగింది. భూగోళానికి అవతలి వైపు చేరాలంటే భూమి చుట్టూ తిరగడానికి కావలసిన కక్ష్యావేగానికి, అంటే సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్లకు, దాదాపు దగ్గరగా వెళ్ళాలి. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వేగం ఎనిమిది రెట్లు పెరిగితే కావలసిన శక్తి ఎనిమిది రెట్లతో ఆగదు, అరవై రెట్లు దాటుతుంది. ఎత్తుకు వెళ్ళడమూ దూరం వెళ్ళడమూ ఒకటే అనుకోవడం దగ్గరే ఈ విషయంలో చాలామంది బోల్తా పడతారు. మన ఇస్రో 2016 మే 23న శ్రీహరికోట నుంచి పంపిన రెక్కల వాహనం 65 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి, శబ్దవేగానికి అయిదు రెట్ల వేగంతో గాలిలోకి దిగి, బంగాళాఖాతంలో పడింది. రన్‌వే మీద దిగడం సాధన చేయడానికి 2023లోనూ 2024లోనూ చిత్రదుర్గ జిల్లాలో వేరే వాహనాన్ని హెలికాప్టర్ నుంచి జారవిడిచారు. ఇస్రో చేసిన ఈ ప్రయోగాలన్నీ మనుషులు లేనివే.

హలసూరు నుంచి జవాబు:

ఇంజనీరు గారి మాటతో ఏకీభవిస్తూ, సైన్యంలో పనిచేసినవాడిగా ఒకటి రెండు కలుపుతాను. ‘స్క్వాడ్’కు ‘దళం’ అని రాస్తే తెలుగు పాఠకుడి మనసు నేరుగా అడవిలోకి పోతుంది. ‘పటాలం’ మరీ పెద్దది. బెంగళూరు కంటోన్మెంట్‌ను కన్నడిగులు ఇప్పటికీ ‘దండు’ అనే అంటారు, మనకూ అది సొంత మాటే, కానీ పదమూడు మంది దండు కారు. ‘చిన్న బృందం’ అనండి, ఎవరికీ తడబాటు ఉండదు.

‘ఇన్‌సర్షన్’ సంగతి మరింత చిక్కు. ‘చొప్పించడం’ వస్తువులకు, వాక్యాలకు చెల్లుతుంది. పంపేవాడు దానిని ‘దించడం’ అంటాడు. ఎవరి నేల మీద దిగారో వాళ్ళ పత్రికలు మరునాడు ‘చొరబాటు’ అని రాస్తాయి. ఈ తేడా పథకం గుండెలోనే ఉంది. 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం ఒక దేశపు సైనిక విమానం మరొక దేశం మీదుగా అనుమతి లేకుండా ఎగరరాదు. అంతరిక్షం ఏ దేశానికీ సొంతం కాదని 1967 ఒప్పందం చెబుతోంది, కానీ గగనతలం ఏ ఎత్తున ముగుస్తుందో అందరూ ఒప్పుకున్న గీత అంటూ లేదు. ఎనభై కిలోమీటర్ల పైన ఎగిరితే దారిలోని దేశాలను అడగనక్కరలేదన్నది పథకాన్ని సమర్థించినవారి వాదం. సరే, కిందికి రావాలి కదా! ఏటవాలుగా దిగే వాహనం గమ్యస్థానపు దేశంతో పాటు దాని పొరుగువారి గగనతలాన్ని కూడా దాటవచ్చు. పైగా రాకెట్ మంటను హెచ్చరిక ఉపగ్రహాలు వెంటనే పసిగడతాయి. ఆ దారి క్షిపణి దారిని పోలి ఉంటుంది కనుక చూసేవాడు దానిలో మనుషులున్నారని ఎలా నమ్ముతాడు?

ఇక తిరుగు ప్రయాణం. ప్రవరుడు పాదాలకు పసరు రాసుకుని క్షణంలో హిమాలయం చేరాడు, మంచుకు ఆ పసరు కరిగిపోయాక ఇల్లు చేరే దారి తెలియక అలమటించాడు. ఈ సైనికుల సంగతీ అంతే. తిరిగి ఎగరాలంటే రాకెట్ ఇంధనం మండటానికి కావలసిన మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్‌ను దిగిన చోట నింపేవారెవరు? అందుకే నా ఓటు ‘దిగబెట్టడం’ అనే మాటకు, ఎందుకంటే అందులో తీసుకురావడం లేదు.

జయనగర్ నుంచి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘అంతరిక్ష మార్గాన చిన్న సైనిక బృందాల తరలింపు’ అని శీర్షిక పెడుతున్నాను, లోపల ‘దిగబెట్టడం’ వాడతాను. శీర్షిక పొడుగైందని సంపాదకులు అంటే ‘చిన్న’ను తీసివేయవచ్చునా?

హలసూరు నుంచి:

తీయకండి. 1960లలో డగ్లస్ కంపెనీ ఇంజనీరు ఫిలిప్ బోనో ‘ఇథాకస్’ అనే రాకెట్‌లో పన్నెండు వందల మందిని పంపాలని గీసిన ప్రణాళిక వేరు, అది కాగితం దాటలేదు. 2021లో అమెరికా వైమానిక దళం మొదలుపెట్టిన రాకెట్ కార్గో కూడా వేరు. అది వంద టన్నుల దాకా సరుకును గంటలోపు చేర్చాలన్న లక్ష్యంతో మొదలైంది, మనుషుల కోసం కాదు. దానికోసం పసిఫిక్‌లోని జాన్‌స్టన్ దీవిలో కట్టాలనుకున్న దిగుడు స్థలాలను కూడా సముద్రపక్షుల మీద ప్రభావం గురించి అభ్యంతరాలు రావడంతో 2025లో పక్కన పెట్టారు. మీ వ్యాసంలోని పదమూడు మంది తేలిక ఆయుధాలతో, వెనుక నుంచి తోడు వచ్చేదాకా ఒంటరిగా నిలబడవలసినవారు. ఒక రాయబార కార్యాలయం దగ్గర కొన్ని గంటలు అడ్డుగా నిలవగలరేమో గాని, ఒక పట్టణాన్ని పట్టుకోలేరు. ‘చిన్న’ తీసేస్తే పాఠకుడు ఆకాశం నుంచి పటాలాలు దిగుతున్నాయని అనుకుంటాడు.